కాల ప్రయాణం సాధ్యమేనా? సైన్సులో ‘సిద్ధాంతం’ అంటే ఏమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలతో సైన్సు గురించి మాట్లాడిన ప్రతిచోటా నాకు ఈ ప్రశ్న ఎదురవుతుంది. “కాలంలో వెనక్కి వెళ్లొచ్చా?” అని ముందు వరుసలో ఎవరో అడుగుతారు. జవాబు మొదలుపెట్టీ పెట్టకముందే వెనక నుంచి ఇంకొకరు, ఎక్కువగా పెద్దవాళ్లు, “అదంతా థియరీయే కదండీ” అంటారు. ఆ రెండో మాట తేలితే గానీ మొదటి ప్రశ్నకు జవాబు దొరకదు. అందుకే ఇక్కడ రెండిటినీ కలిపి రాశాను.

సూటిగా చెప్పండి. కాల ప్రయాణం సాధ్యమా, కాదా?

ముందుకు సాధ్యమే. గడియారాలు పెట్టి కొలిచి చూశారు. వెనక్కి వెళ్లినవాళ్లు ఎవరూ లేరు. అలా జరిగిందనడానికి ఒక్క ఆధారమూ దొరకలేదు. అయితే అది ఎప్పటికీ కుదరదని నిరూపించినవాళ్లు కూడా లేరు. ఈ రెండు విషయాలనూ ‘టైమ్ ట్రావెల్’ అనే ఒకే మాటతో పిలవడంతోనే సగం గందరగోళం మొదలవుతుంది.

మనమంతా రోజూ ముందుకే పోతున్నాం కదా, అందులో వింతేముంది?

గంటకు గంట చొప్పున పోతున్నామనీ, అందరిదీ ఒకే వేగమనీ అనుకుంటాం. వింత అక్కడే ఉంది. అందరి కాలమూ ఒకే వేగంతో నడవదు. వేగంగా కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుందని 1905లో ఐన్‌స్టీన్ ప్రత్యేక సాపేక్ష సిద్ధాంతం చెప్పింది. భూమి వంటి బరువైన గోళానికి దగ్గరగా ఉన్న గడియారం, దూరంగా ఉన్నదానికంటే నెమ్మదిస్తుందని 1915 నాటి సాధారణ సాపేక్ష సిద్ధాంతం చెప్పింది.

మనకు తెలిసిన చోటుతోనే లెక్క చూద్దాం. తిరుపతి కంటే తిరుమల దాదాపు 700 మీటర్లు ఎత్తులో ఉంది. కింద ఒక గడియారం, కొండ మీద ఒక గడియారం ఏడాది పాటు ఉంచితే, కొండ మీదిది సెకనులో పది లక్షల వంతులు రెండున్నర దాకా ముందుంటుంది. నిండు నూరేళ్లు కొండ మీదే బతికినా ఆ తేడా సెకనులో నాలుగు వేల వంతుల్లో ఒకటి దాటదు. మన ఒంటికి తెలియదు. గడియారానికి తెలుస్తుంది.

నిజంగా కొలిచారా, లేక కాగితం మీద లెక్కేనా?

కొలిచారు, ఒకసారి కాదు. 1971 అక్టోబరులో జోసెఫ్ హేఫెల్, రిచర్డ్ కీటింగ్ అనే ఇద్దరు అమెరికన్లు నాలుగు సీజియం గడియారాలను (అతి కచ్చితమైన అణు గడియారాలు) మామూలు ప్రయాణికుల విమానాల్లో ఎక్కించి ప్రపంచం చుట్టూ తిప్పుకొచ్చారు. ఒకసారి తూర్పుగా, ఒకసారి పడమరగా. తిరిగొచ్చాక వాషింగ్టన్‌లో కదలకుండా ఉన్న గడియారాలతో పోల్చారు. తూర్పుకు వెళ్లినప్పుడు సుమారు 59 నానోసెకన్లు వెనకబడ్డాయి (సెకనులో వంద కోట్ల వంతు ఒక నానోసెకను). పడమరకు వెళ్లినప్పుడు 273 నానోసెకన్లు ముందుకు జరిగాయి. తూర్పుకీ పడమరకీ ఆ తేడా ఎందుకంటే, భూమి కూడా తూర్పుకే తిరుగుతోంది కాబట్టి. సిద్ధాంతం ప్రకారం రావాల్సిన అంకెలు తూర్పుకు 40, పడమరకు 275. తూర్పు అంకెలో తేడా ఉందే అంటారేమో. విమానాల దారులు, వేగాలు కచ్చితంగా తెలియనందువల్ల ఆ లెక్కలో 23 నానోసెకన్ల మేర అటూఇటూ ఉండొచ్చని వాళ్లే చెప్పారు. కొలతకూ మరో 10 నానోసెకన్ల మేర హద్దు ఉంది. రెండూ ఆ హద్దుల్లో కలిశాయి.

ఇప్పటి గడియారాలకు విమానం అక్కర్లేదు. 2010లో అమెరికాలోని ప్రమాణాల సంస్థ ప్రయోగశాలలో ఒక గడియారాన్ని రెండోదానికంటే 33 సెంటీమీటర్లు పైకి లేపితే, పైదానిలో కాలం వేగంగా నడవడం కనిపించింది. రెండు మెట్లు ఎక్కినంత ఎత్తది.

మనుషుల సంగతీ చెప్పాలి. రష్యన్ వ్యోమగామి గెన్నడీ పడాల్కా అన్ని యాత్రలూ కలిపి 878 రోజులకు పైగా అంతరిక్షంలో గడిపాడు. ఆ వేగానికీ ఎత్తుకూ లెక్క కడితే, నేల మీదే ఉండిపోతే ఎంత వయసు వచ్చేదో దానికంటే ఆయన సెకనులో దాదాపు యాభయ్యో వంతు చిన్నవాడు. అంటే మన భవిష్యత్తులోకి అంత మేర ప్రయాణం చేసి దిగాడు.

ఇంత సూక్ష్మమైన తేడాతో మాకేం పని?

మీ ఫోన్‌లో మ్యాప్ పని చేస్తోందంటే ఈ తేడాను సరిదిద్దడం వల్లే. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి. వేగం వల్ల వాటి గడియారాలు రోజుకు 7 మైక్రోసెకన్లు నెమ్మదిస్తాయి (సెకనులో పది లక్షల వంతు ఒక మైక్రోసెకను). ఎత్తు వల్ల 45 మైక్రోసెకన్లు ముందుకు పరుగెడతాయి. మొత్తం మీద రోజుకు 38 మైక్రోసెకన్ల తేడా. అంతసేపట్లో కాంతి పదకొండు కిలోమీటర్లకు పైగా పోతుంది. సరిదిద్దకుండా వదిలేస్తే దూరాల లెక్కలో రోజురోజుకీ ఆ మేర తప్పు పేరుకుపోతుంది. అందుకే ఆ సవరణను వ్యవస్థలోనే కట్టిపెట్టారు. ‘థియరీయే కదా’ అనే పెద్దాయన కూడా సభకు దారి వెతుక్కుంటూ వచ్చింది ఆ థియరీ మీదే.

సరే, నేను వందేళ్ల తర్వాతి కాలంలో దిగాలంటే?

కాంతి వేగంలో 99.5 శాతం వేగంతో వెళ్లి తిరిగి రావాలి. అప్పుడు మీకు పదేళ్లు గడిస్తే ఇక్కడ వందేళ్లు గడుస్తాయి. పద్ధతిలో ఏ సందేహమూ లేదు. సందేహమంతా కరెంటు బిల్లు దగ్గర. ఒక్క కిలో బరువును ఆ వేగానికి తేవడానికే 22,500 కోట్ల యూనిట్ల విద్యుత్తుకు సమానమైన శక్తి కావాలి. అరవై కిలోల మనిషికైతే 13.5 లక్షల కోట్ల యూనిట్లు. మన దేశమంతా ఏడాదిలో ఉత్పత్తి చేసే విద్యుత్తు సుమారు రెండు లక్షల కోట్ల యూనిట్లు. దేశాన్ని ఆరేడేళ్లు చీకట్లో ఉంచితే ఒక్క మనిషి, అదీ నౌక లేకుండా, ఇంధనం లేకుండా. మళ్లీ ఆగడానికి అంత శక్తీ వేరే కావాలి. ‘సాధ్యం’ అనే మాటకు రెండు అర్థాలున్నాయని ఈ లెక్క చూపిస్తుంది. ప్రకృతి అడ్డు చెప్పకపోవడం ఒకటి, మన చేత కావడం ఇంకొకటి.

రేవతి కథలో ఈ విషయం ఎప్పుడో చెప్పారు కదా?

భాగవతం నవమ స్కంధంలోని కథ ఇది. కకుద్మి మహారాజు కూతురు రేవతిని వెంటబెట్టుకుని, తగిన వరుడెవరో అడుగుదామని బ్రహ్మలోకానికి వెళ్తాడు. అక్కడ గానం జరుగుతుంటే కాసేపు ఆగుతాడు. అది ముగిశాక అడిగితే, ఈలోపు భూమి మీద ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిపోయాయని, నువ్వు మనసులో అనుకున్న వరులెవరూ ఇప్పుడు లేరని బ్రహ్మ చెబుతాడు. తిరిగొచ్చి బలరాముడికిచ్చి పెళ్లి చేస్తాడు. ఒక్కోచోట కాలం ఒక్కోలా నడవొచ్చన్న ఆలోచన ఆ కథలో ఉంది. నాకు ఎంతో ఇష్టమైన కథ, పిల్లలకు చెబుతూనే ఉంటాను.

కానీ ఆ కథ నుంచి జీపీఎస్ గడియారాన్ని ఎంత సవరించాలో రాదు. ఎంత ఎత్తుకు ఎంత తేడా, ఎంత వేగానికి ఎంత తేడా అని అది చెప్పదు. చెప్పడం దాని పని కూడా కాదు. సాపేక్ష సిద్ధాంతం ఆ అంకె చెప్పి, కొలిచి చూసుకోమంది. పురాణాన్ని సైన్సు పరీక్షకు కూర్చోబెడితే మనం పురాణానికే అన్యాయం చేసినవాళ్లమవుతాం.

ఇంతకీ సిద్ధాంతం అంటే ఏమిటి? ఊహా, నిజమా?

మనకు ఇక్కడ భాష వల్ల వచ్చే చిక్కు ఒకటుంది. ఇంగ్లిషులో ‘థియరీ’ని మామూలు మాటల్లో ‘నా అనుమానం’ అన్న అర్థంలో వాడతారు. అందుకని ‘థియరీయే కదా’ అనేవాళ్లకు అది గాలి మాటలా వినిపిస్తుంది. తెలుగులో ‘సిద్ధాంతం’ దానికి సరిగ్గా ఎదురుదిక్కు. సిద్ధించిన అంతం, అంటే తేల్చేసిన నిర్ణయం. అద్వైత సిద్ధాంతం, పార్టీ సిద్ధాంతం, పంచాంగం రాసే సిద్ధాంతిగారు, అన్నీ ఆ కోవలోవే. దాంతో పాఠ్యపుస్తకంలో ‘సాపేక్ష సిద్ధాంతం’ అని చదివిన పిల్లవాడు అది ఇక ప్రశ్నించకూడని తీర్పు అనుకుంటాడు. రెండూ పొరపాటే.

సైన్సులో సిద్ధాంతం అంటే అనేక సంగతులను ఒకే కారణంతో కలిపి వివరించే కట్టడం. పరీక్షకు ఇంకా నిలవని ఊహను పరికల్పన అంటారు. సిద్ధాంతానికి ఉండాల్సిన ముఖ్య లక్షణం ఏమిటంటే, తాను ఎక్కడ ఓడిపోగలదో అది ముందే చెప్పాలి. ‘ఈ గడియారం ఇంత తేడా చూపాలి, చూపకపోతే నేను తప్పు’ అనగలగాలి. తత్వవేత్త కార్ల్ పాపర్ 1930లలో ఈ లక్షణాన్నే సైన్సుకు గీటురాయిగా పెట్టాడు. ఏం జరిగినా ‘నేను అన్నది ఇదే’ అని సమర్థించుకోగలిగే మాట ఎంత గొప్పగా వినిపించినా దాని నుంచి మనం నేర్చుకునేదేమీ ఉండదు.

బాగా రుజువైతే సిద్ధాంతం నియమం అవుతుందా?

అవదు. ఇది ప్రమోషన్ కాదు. నియమం ఏం జరుగుతుందో చెబుతుంది, సిద్ధాంతం ఎందుకు జరుగుతుందో చెబుతుంది. వాయువును నొక్కితే దాని పరిమాణం తగ్గుతుందన్నది బాయిల్ నియమం. అణువులు గోడలకు కొట్టుకోవడం వల్ల అలా జరుగుతుందన్నది వాయువుల గతి సిద్ధాంతం.

న్యూటన్ తప్పని తేలిందిగా, రేపు ఐన్‌స్టీన్ కూడా తప్పని తేలితే?

దీనికి రెండు గ్రహాల కథ చెప్పాలి. ఒకటి ఉంది, ఒకటి లేదు.

పందొమ్మిదో శతాబ్దంలో యురేనస్ గ్రహం న్యూటన్ లెక్క చెప్పిన దారి నుంచి కాస్త పక్కకు జరుగుతూ కనిపించింది. పాపర్ చెప్పినదాన్ని అక్షరాలా పాటిస్తే న్యూటన్‌ను అప్పుడే పక్కన పెట్టాలి. ఎవరూ పెట్టలేదు. ఏదో కనిపించని గ్రహం యురేనస్‌ను లాగుతోందని ఫ్రాన్సులో లెవెరియే లెక్క కట్టాడు. 1846 సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్‌లో గాల్లె దుర్భిణిని ఆ వైపు తిప్పితే, చెప్పిన చోటుకు ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ దొరికింది.

బుధుడి దారిలోనూ అలాంటి తేడాయే ఉంది. ఆ గ్రహ కక్ష్యలో సూర్యుడికి అతి దగ్గరి బిందువు మెల్లగా జరుగుతూ ఉంటుంది. మిగతా గ్రహాల లాగుడంతా లెక్కలో వేసినా వందేళ్లకు 43 ఆర్క్ సెకన్లు మిగిలిపోయాయి. ఒక డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను. అదే లెవెరియే 1859లో అదే మందు వాడాడు. సూర్యుడికి దగ్గరగా ఇంకో గ్రహం ఉండి ఉంటుందన్నాడు. దానికి ‘వల్కన్’ అని పేరు కూడా పెట్టారు. గ్రహణాలప్పుడు దశాబ్దాల పాటు వెతికారు. చూశామన్నవాళ్లూ ఉన్నారు. కానీ అది లేదు. 1915 నవంబరులో ఐన్‌స్టీన్ తన కొత్త సమీకరణాలతో లెక్క వేస్తే, ఏ గ్రహాన్నీ కల్పించకుండానే ఆ 43 వచ్చింది.

ఒకే మనిషి, ఒకే పద్ధతి. ఒకచోట గ్రహం దొరికింది, ఇంకోచోట సిద్ధాంతమే మారింది. లెక్క తప్పినప్పుడు సిద్ధాంతాన్ని వదిలేయాలా, దాచి ఉన్న కారణాన్ని వెతకాలా అన్నది ముందుగా చెప్పే సూత్రం ఏదీ లేదు. వెతికి చూడాల్సిందే. సైన్సు గురించి నాకు తెలిసిన కథల్లో ఇంత నిజాయితీ ఉన్నది మరొకటి లేదు.

ఇక ‘న్యూటన్ తప్పు’ అన్న మాట. చంద్రుడి మీదికి నౌకను పంపేందుకు నేటికీ ప్రధానంగా న్యూటన్ లెక్కలే సరిపోతాయి. ఐన్‌స్టీన్ సమీకరణాలను తక్కువ వేగాలకు, బలహీనమైన గురుత్వానికి కుదిస్తే న్యూటన్ లెక్కే వస్తుంది. రేపు ఇంకో సిద్ధాంతం వచ్చినా హేఫెల్, కీటింగ్ గడియారాలు చూపిన అంకెలను అదీ చెప్పి తీరాలి. కొలిచినవి పోవు. వాటికి మనం ఇచ్చే వివరణ లోతెక్కుతుంది.

కాంతి కంటే వేగంగా పోయే కణాలు దొరికాయని ఒకప్పుడు పేపర్లలో వచ్చింది కదా?

2011 సెప్టెంబరులో వచ్చింది. జెనీవా దగ్గరి సెర్న్ అనే కణ భౌతిక ప్రయోగశాల నుంచి సుమారు 730 కిలోమీటర్ల దూరంలో ఇటలీలోని గ్రాన్ సాసో కొండ కింది ప్రయోగశాలకు పంపిన న్యూట్రినోలు, కాంతి కంటే 60 నానోసెకన్లు ముందే చేరినట్టు ఒపేరా బృందం కొలిచింది. అదే నిజమైతే సాపేక్ష సిద్ధాంతం కదిలిపోతుంది, గతంలోకి కబురు పంపే దారీ తెరుచుకుంటుంది. ఆ బృందం జయభేరి మోగించలేదు. నెలల తరబడి వెతికినా తప్పు దొరకలేదు, మీరూ చూడండి అని ప్రపంచాన్ని అడిగింది. 2012లో కారణం బయటపడింది. సరిగా బిగించని ఒక ఫైబర్ ఆప్టిక్ కేబుల్, దానికి తోడు ఒక గడియారంలో లోపం. సరిచేసి మళ్లీ కొలిస్తే న్యూట్రినోలు కాంతి వేగాన్ని దాటలేదు. అప్పట్లో దీన్ని పరువు తక్కువ వ్యవహారంగా రాసినవాళ్లున్నారు. తమ కొలతనే అనుమానించి తలుపులు తెరిచిన ఆ పద్ధతిని నేను మాత్రం పిల్లలకు ఆదర్శంగా చెబుతాను.

వెనక్కి వెళ్లడం గురించి సాపేక్ష సిద్ధాంతం ఏమంటోంది?

ఆశ్చర్యం ఏమిటంటే, తలుపు పూర్తిగా మూయలేదు. 1949లో గణితవేత్త కర్ట్ గోడెల్, ఐన్‌స్టీన్ డెబ్భయ్యో పుట్టినరోజు సందర్భంగా, ఆయన సమీకరణాలకే ఒక విచిత్రమైన జవాబు కనిపెట్టాడు. విశ్వమంతా గిర్రున తిరుగుతూ ఉంటే, అందులో ముందుకు ప్రయాణిస్తూనే బయల్దేరిన క్షణానికి చేరే దారులుంటాయి. అయితే మన విశ్వం అలా తిరుగుతున్న ఆనవాళ్లు లేవు, పైగా అది విస్తరిస్తోంది, గోడెల్ విశ్వం విస్తరించదు. సమీకరణానికి జవాబు ఉండటం వేరు, ఆ జవాబు మన ప్రపంచానిది కావడం వేరు. ఈ తేడా మరచిపోయినప్పుడే ‘టైమ్ మెషీన్ సాధ్యమని తేల్చిన శాస్త్రవేత్తలు’ అన్న శీర్షికలు పుడతాయి.

1988లో కిప్ థోర్న్, ఆయన సహచరులు వార్మ్‌హోల్ దారి చూశారు. విశ్వంలో రెండు చోట్లను కలిపే సొరంగం అనుకోండి. దాని ఒక ముఖద్వారాన్ని మహావేగంతో తిప్పి తెస్తే అక్కడ తక్కువ కాలం గడుస్తుంది, అప్పుడు ఒక ద్వారంలో దూరి రెండోదాని నుంచి గతంలోకి రావొచ్చు. చిక్కు సొరంగాన్ని తెరిచి ఉంచడంలో ఉంది. మన దేశంలో కలకత్తాలో పనిచేసిన అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో ఇచ్చిన సమీకరణం ప్రకారం, మామూలు పదార్థపు గురుత్వం పక్కపక్కన పోయే దారులను దగ్గరకు లాగుతుంది. సొరంగంలో దూరిన కాంతి కిరణాలు అవతల విచ్చుకోవాలంటే రుణాత్మక శక్తి, అంటే సున్న కంటే తక్కువ శక్తి, కావాలి. అతి దగ్గరగా పెట్టిన రెండు లోహపు పలకల మధ్య అలాంటిది అణుమాత్రం ఉంటుందని 1948లో కాసిమిర్ చెప్పాడు, ఆ పలకల మధ్య ఆకర్షణను తర్వాత కొలిచారు కూడా. మనిషి దూరేంత సొరంగానికి కావాల్సినదాని ముందు అది లెక్కలోకే రాదు.

వెనక్కి వెళ్లి మా తాతను చిన్నప్పుడే చంపేస్తే?

మీరు పుట్టరు, పుట్టకపోతే వెళ్లరు, వెళ్లకపోతే తాత బతికే ఉంటాడు. రష్యన్ శాస్త్రవేత్త నోవికోవ్ దీనికి చెప్పిన జవాబు ఏమిటంటే, తమలో తాము పొసగని సంఘటనలు జరగనే జరగవు. మీరు వెళ్లినా ఏదో ఒకటి అడ్డుపడుతుంది, ఎందుకంటే మీరు వెళ్లడం కూడా ఆ గతంలో ఎప్పుడో జరిగిపోయిన భాగమే. ఇంకొందరు చరిత్ర అక్కడ కొమ్మలుగా చీలుతుందంటారు. ఈ రెండిటినీ పరీక్షించే ఉపాయం ఇవాళ మన దగ్గర లేదు. కాబట్టి వీటిని సిద్ధాంతాలు అనకుండా ప్రతిపాదనలు అనడమే సరైన మాట.

హాకింగ్ విందుకు ఎవరైనా వచ్చారా?

రాలేదు. 2009 జూన్ 28న కేంబ్రిడ్జిలో స్టీఫెన్ హాకింగ్ కాల ప్రయాణికులకు విందు ఏర్పాటు చేశాడు. ఆహ్వానాలు విందు అయిపోయాక బయటపెట్టాడు, వెనక్కి రాగలిగినవాళ్లే వచ్చేలా. అంతకు ముందే, 1992లో, గతంలోకి దారి తెరుచుకోబోయే ప్రతిసారీ భౌతిక నియమాలే దాన్ని మూసేస్తాయన్న ఊహను ఆయన ప్రకటించాడు. ఖాళీ కుర్చీలు దాన్ని రుజువు చేసినట్టేనా? లేదు. వార్మ్‌హోల్ లాంటి యంత్రం ఉన్నా, దాన్ని తయారు చేసిన రోజుకంటే వెనక్కి వెళ్లే వీలుండదు. రాయలవారి కొలువులో దిగడం అందుకే కుదరదు, అప్పుడు ఎవరూ యంత్రం కట్టలేదు కనుక. ఆయన ఊహ నిజమో కాదో తేలాలంటే గురుత్వాన్ని, క్వాంటం సిద్ధాంతాన్ని కలిపే లెక్క కావాలి. అది ఇంకా తయారు కాలేదు.

నక్షత్రాలను చూడటం గతాన్ని చూడటమేనా?

అవును, చూడటం వరకే. సూర్యుడిని ఎనిమిది నిమిషాల కిందటి రూపంలో, ఆండ్రోమెడా గెలాక్సీని సుమారు 25 లక్షల ఏళ్ల కిందటి రూపంలో చూస్తాం. పాత ఉత్తరం ఇవాళ చదవడం లాంటిది. మనం అక్కడికి వెళ్లినట్టు కాదు.

భవిష్యత్తు నుంచి వచ్చామని చెప్పేవాళ్ల వీడియోలను నమ్మొచ్చా?

ఒక్కటి అడగండి. ఇంకా జరగని, ముందే ఊహించడానికి వీల్లేని ఒక సంగతిని తేదీతో, అంకెతో ఇవాళే రాసిపెట్టగలరా? ‘పెద్ద ప్రమాదం జరుగుతుంది’ అనడం అంకె కాదు. ఏదో ఒకటి జరిగాక పాత మాటను దానికి అతికించడం అంతకన్నా కాదు. హేఫెల్ గడియారాలకు ఎంత తేడా రావాలో సిద్ధాంతం ఒక అంకెకు కట్టుబడింది. ఇంట్లో పిల్లలు ఇలాంటి వీడియో తెచ్చి చూపిస్తే కసరకండి. ఈ ప్రశ్న వాళ్లతో కలిసి అడగండి.

ఇదంతా పెద్ద ప్రయోగశాలల్లోనే కనిపిస్తుందా? మేం చూడలేమా?

చూడొచ్చు. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు గాలిని ఢీకొన్నప్పుడు సుమారు 15 కిలోమీటర్ల ఎత్తులో మ్యూయాన్లనే కణాలు పుడతాయి. వాటి సగటు ఆయుష్షు సెకనులో పది లక్షల వంతులు రెండు, 2.2 మైక్రోసెకన్లు. కాంతి వేగంతో పరుగెత్తినా అంతలో 660 మీటర్లు దాటవు. కాలం అందరికీ ఒకేలా నడిస్తే వంద కోట్లలో ఒక్కటి కూడా నేలకు చేరకూడదు. కానీ చేరుతున్నాయి. వాటి వేగం వల్ల వాటి గడియారం నెమ్మదించి, దారి పొడవునా బతికే ఉంటున్నాయి. 1941లోనే బ్రూనో రోసి, డేవిడ్ హాల్ కొలతలతో ఇది చూపించారు.

ఒక గాజు పెట్టె, అడుగున నల్లటి లోహపు రేకు, దాని కింద డ్రై ఐస్, పైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఫెల్ట్ గుడ్డ, పక్క నుంచి టార్చి వెలుగు. ఇంతే. దీన్ని క్లౌడ్ చాంబర్ అంటారు. డ్రై ఐస్‌ను చేత్తో ముట్టుకోకూడదు, గాలి ఆడే గదిలో, మంటకు దూరంగా, పెద్దవాళ్లు పక్కనుండగా చేయాలి. పది పదిహేను నిమిషాల్లో అడుగున పొగమంచు పేరుకుంటుంది. దీపాలు ఆర్పి చూస్తూ ఉంటే, సూదితో గీసినట్టు సన్నని తెల్లటి గీత ఒకటి మెరిసి కరిగిపోతుంది, కాసేపటికి ఇంకొకటి. పొడవుగా, వంపు లేకుండా తిన్నగా పోయే గీతల్లో చాలా భాగం మ్యూయాన్లవే. మీరు ఇది చదువుతున్నప్పుడూ మీ అరచేతిలోంచి సెకనుకు ఒకటి చొప్పున అలాంటివి పోతూనే ఉన్నాయి.